పాట వింటే కొత్త ఆలోచన పుడుతుందా? రెండు పరిశోధనలు, రెండు జవాబులు

హుషారైన సంగీతం వినేవారికి కొత్త ఆలోచనలు ఎక్కువగా వస్తాయని 2017లో ఒక పరిశోధన పత్రం చెప్పింది. రెండేళ్లు తిరిగేసరికి, 2019లో మరో పత్రం వచ్చింది. పక్కన సంగీతం మోగుతుంటే సృజనాత్మకత కుంటుపడుతుందని దాని సారాంశం. రెండూ విజ్ఞాన పత్రికల్లో అచ్చయినవే. ఆ తర్వాత వచ్చే వార్తలూ వీడియోలూ తమకు నచ్చిన పత్రాన్ని పట్టుకుని రెండో దాన్ని వదిలేస్తున్నాయి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పని చేసుకునే మనిషికి ఏది నమ్మాలో తోచదు.

నేను చదివినంతలో ఈ రెండు పత్రాలూ ఒకదానితో ఒకటి పోట్లాడుకోవడం లేదు. సృజన అనే ఒకే మాట కింద అవి రెండు వేర్వేరు పనులను కొలిచాయి. ఆ పనులేమిటో దగ్గరగా చూస్తే ముడి చాలావరకు విడిపోతుంది. మిగిలే ముడి ఇంకా ఆసక్తికరమైనది, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఇటుకతో ఏమేమి చేయవచ్చు?

సృజనాత్మకతను కొలవవచ్చని, కొలవాలని మనస్తత్వశాస్త్రంలో గట్టిగా వాదించినవారు అమెరికా శాస్త్రవేత్త జె. పి. గిల్‌ఫర్డ్. 1950లో ఆయన చేసిన ప్రసంగంతోనే ఈ రంగం ఊపందుకుందని చెబుతారు. ఆయన ఆలోచనను రెండు రకాలుగా విడదీశారు. ఒక ప్రశ్న నుంచి వీలైనన్ని దారులు తీసేది బహుముఖ ఆలోచన. ఎన్నో ఆధారాల నుంచి సరైన ఒక్క జవాబు దగ్గరికి చేరుకునేది ఏకముఖ ఆలోచన.

మొదటిదాన్ని కొలవడానికి ఇప్పటికీ ఎక్కువగా వాడే పరీక్ష చాలా మామూలుది. ఒక వస్తువు పేరు చెప్పి, కొద్ది నిమిషాల్లో దానితో ఎన్ని రకాల ఉపయోగాలు ఉన్నాయో రాయమంటారు. ఇటుక పేరే తరచుగా వినిపిస్తుంది.

ఒకరు ఇలా రాశారనుకుందాం: గోడ కట్టడం, మెట్టు కట్టడం, అరుగు కట్టడం, గట్టు కట్టడం. మరొకరు రాసినవి మూడే: తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డు పెట్టడం, పొడి చేసి ఎర్ర రంగుగా వాడడం, వేడి చేసి గుడ్డలో చుట్టి నొప్పి ఉన్నచోట కాపడం పెట్టడం. లెక్క పెడితే మొదటివారు గెలిచారు, నాలుగు ఉపయోగాలు. కానీ ఆ నాలుగూ ఒకే జాతివి, కట్టడమే. రెండోవారి మూడు జవాబులూ మూడు వేర్వేరు కోవలవి. మొదటివారు ఇటుక ఆకారాన్ని మాత్రమే చూశారు. రెండోవారు దాని బరువును, రంగును, వేడిని నిలుపుకునే గుణాన్ని చూశారు. అందుకే ఈ పరీక్షలో ఎన్ని రాశారన్నదాన్ని, ఎన్ని కోవలు తట్టాయన్నదాన్ని, ఇతరులకు తట్టనివి ఎన్ని ఉన్నాయన్నదాన్ని విడివిడిగా లెక్కిస్తారు. సృజన పెరిగిందని ఒక వార్త చెప్పినప్పుడు ఈ మూడింటిలో ఏది పెరిగిందో చూడకపోతే ఆ వార్తకు అర్థం లేదు.

రాత, గడ, వంపు

రెండో రకం ఆలోచనకు వేరే పరీక్ష ఉంది. 1962లో సార్నోఫ్ మెడ్నిక్ ప్రతిపాదించిన సిద్ధాంతం నుంచి వచ్చింది. దూరదూరంగా ఉన్న భావాలను కలపగలగడమే సృజన అని ఆయన అభిప్రాయం. మూడు మాటలు ఇస్తారు, మూడింటితోనూ అతికే నాలుగో మాట చెప్పాలి. అసలు పరీక్షలు ఇంగ్లీషులో ఉన్నాయి కాబట్టి, పద్ధతి తెలియడానికి ఒకటి తెలుగులో కల్పిస్తాను: రాత, గడ, వంపు.

రాత అనగానే చేతిరాత మెదులుతుంది. చేతి పక్కన గడ పెట్టి చూస్తాం, పొసగదు. గడ అంటే చెరకుగడ కావచ్చు. చెరకువంపు అని ఎవరూ అనరు. వంపు నుంచి మొదలుపెడితే నది వంపు, నడుము వంపు. నడుమురాత లేదు. మళ్లీ రాత దగ్గరికి వస్తాం. నుదుటిరాత... తలరాత. తలగడ. తలవంపు. దొరికింది.

ఈ వెతుకులాటలో మనం చేసిందేమిటో గమనించండి. పెదవులు కదలకపోయినా మాటలను లోపల పలికి చూశాం. ఒక్కో జతను కాసేపు మనసులో పట్టుకుని, అతుకుతుందో లేదో చెవితో విన్నట్టే విని, కాదనుకుని వదిలేశాం. ఈ లోపలి గొంతే రెండు పరిశోధనల మధ్య తేడాను తెలిపే కీలకం.

రెండు ప్రయోగాల్లో జరిగింది

2017 నాటి ప్రయోగం సిమోన్ రిటర్, సామ్ ఫెర్గూసన్ చేసినది. 155 మందిని బృందాలుగా విడదీశారు. ఒక బృందానికి హుషారైన సంగీతం, ఒకదానికి ప్రశాంతమైనది, ఒకదానికి విషాదమైనది, ఒకదానికి ఆందోళన కలిగించేది. ఇంకో బృందానికి ఏమీ లేదు, నిశ్శబ్దమే. హుషారైన సంగీతానికి ఇటలీ స్వరకర్త వివాల్డీ ‘ఫోర్ సీజన్స్’లోని వసంత భాగాన్ని ఎంచుకున్నారు. బహుముఖ ఆలోచన పరీక్షలో హుషారు సంగీతం విన్నవారు నిశ్శబ్దంలో ఉన్నవారికన్నా మెరుగ్గా రాణించారు. అదే పత్రంలో ఉన్నా వార్తల్లోకి ఎక్కని వాక్యం ఇంకొకటి ఉంది: ఏకముఖ ఆలోచనలో సంగీతం వల్ల తేడా ఏమీ కనిపించలేదు.

2019 నాటి పత్రం ఎమ్మా థ్రెడ్‌గోల్డ్, ఆమె సహచరులది. వారు ఇటుక పరీక్ష పెట్టలేదు. మూడు మాటల పరీక్షే పెట్టారు. మూడు ప్రయోగాలు చేశారు: వినేవారికి తెలియని భాషలో పాట, మాటలు లేని వాద్య సంగీతం, తెలిసిన మాటలున్న పాట. మూడు సందర్భాల్లోనూ నిశ్శబ్దంతో పోలిస్తే జవాబులు తగ్గాయి. పాట వారి మనసును ఉల్లాసపరిచినప్పుడు కూడా తగ్గాయి. రోజూ సంగీతం వింటూ చదువుకునే అలవాటున్నవారికీ తగ్గాయి. గ్రంథాలయంలో వినిపించే సాధారణ అలికిడి వల్ల మాత్రం అలా జరగలేదు.

అంటే ఒక ప్రయోగం తలుపులు తెరవడాన్ని కొలిచింది, మరొకటి సరైన తాళంచెవిని వెతకడాన్ని. రెండో పనిలో పాట సాయపడదనే విషయంలో రెండు పత్రాలూ ఒకే వైపున ఉన్నాయి. సాయం లేదని మొదటిది అంటే, హాని ఉందని రెండోది అంది. అసలైన తేడా అంతమేరకే.

లోపలి గొంతుకు అడ్డం ఎలా పడుతుంది?

మాటలున్న పాట మాటలతో చేసే పనికి అడ్డం రావడంలో వింతేమీ లేదు. ఈ వ్యాసం రాస్తూ నేనే ఒకసారి చూసుకున్నాను. పక్కన పాట పెట్టుకుని రాసిన ఒక పేరాను మర్నాడు చదివితే, గిల్‌ఫర్డ్ గురించిన వాక్యంలో ‘వెన్నెల’ అనే మాట కూర్చుని ఉంది. అక్కడ దానికి ఏ పనీ లేదు. పాటలోంచి చేతిలోకి జారింది.

మరి అర్థం తెలియని పాట ఎందుకు అడ్డం వచ్చింది? మాటలే లేని వాద్యం? జ్ఞాపకం మీద పనిచేసేవారు దీనికి ఒక వివరణ ఇస్తారు. వద్దనుకున్నా చెవిలో పడే శబ్దం అంకెల వరుసలను గుర్తుపెట్టుకునే పనిని చెడగొడుతుందని 1980ల నుంచీ ప్రయోగాల్లో తేలుతూనే ఉంది. అందులో శబ్దం ఎంత పెద్దదన్నదానికన్నా ఎంతగా మారుతోందన్నదే ముఖ్యం. ఒకేరీతిగా సాగే హోరును మెదడు పక్కన పెట్టేయగలదు. క్షణక్షణం స్వరం మారే శబ్దాన్ని అలా వదిలేయలేదు, దాని వరుసను కూడా తనకు తెలియకుండానే పట్టుకుంటూ పోతుంది. సంగీతమంటేనే మారే స్వరాల వరుస. రాత, గడ, వంపు అని లోపల ఒక వరుస నడుస్తుంటే, బయటి నుంచి మరో వరుస వచ్చి కలుస్తుంది.

దీనికి ఎదురువాదం కూడా బలమైనదే. మూడు మాటల పరీక్షను సృజన అనవచ్చా? అది పదసంపదను, భాష మీద పట్టును కొలిచే పొడుపు కథ మాత్రమే కావచ్చని కొందరు పరిశోధకుల సందేహం. అందులో జవాబు మెరుపులా తట్టవచ్చు, ఒక్కొక్క మెట్టూ ఎక్కి కూడా చేరవచ్చు. సంగీతం దెబ్బతీసేది రెండో దారినే అయితే ‘సృజన కుంటుపడింది’ అనే శీర్షిక అతిశయం అవుతుంది. ఇటుక పరీక్ష మీదా ఇలాంటి అభ్యంతరమే ఉంది. మూడు నిమిషాల్లో ఇటుకకు ఉపయోగాలు రాసే మనిషి, మూడేళ్లు కూర్చుని ఒక యంత్రాన్ని రూపొందించే మనిషి ఒకే పని చేస్తున్నారని ఎవరూ నిరూపించలేదు. ఈ రెండు అభ్యంతరాలూ న్యాయమైనవేనని నా అభిప్రాయం. కానీ అవి ప్రయోగాల ఫలితాన్ని కొట్టేయవు. ఆ ఫలితం ఎంత దూరం వర్తిస్తుందో గిరి గీస్తాయి.

మొజార్ట్ పేరుతో జరిగిన పొరపాటు

ఈ చర్చలో ఎప్పుడూ తొంగిచూసే పేరు పాశ్చాత్య శాస్త్రీయ సంగీత స్వరకర్త మొజార్ట్‌ది. 1993లో ఫ్రాన్సెస్ రౌషర్, ఇద్దరు సహచరులు ‘నేచర్’ పత్రికలో ఒక చిన్న నివేదిక ప్రచురించారు. 36 మంది కళాశాల విద్యార్థులు. మొజార్ట్ రెండు పియానోలకు రాసిన ఒక సొనాటాను, అంటే వాద్య సంగీత రచనను, పది నిమిషాలు విన్న తర్వాత, ఆకారాలను మనసులో తిప్పి చూసే రకం ప్రశ్నల్లో వారు మెరుగ్గా రాణించారు. ఆ మెరుగుదల పావుగంట కూడా నిలవలేదు. పిల్లల గురించి ఆ నివేదికలో ఏమీ లేదు, సాధారణ తెలివితేటల గురించీ లేదు. అయినా మొజార్ట్ వింటే తెలివి పెరుగుతుందన్న ప్రచారం పాకిపోయింది. 1998లో అమెరికాలోని జార్జియా రాష్ట్ర గవర్నర్ జెల్ మిల్లర్ పుట్టిన ప్రతి బిడ్డకూ శాస్త్రీయ సంగీతం అందించడానికి 1,05,000 డాలర్లు కేటాయించాలని ప్రతిపాదించారు.

దీని గుట్టు విప్పిన ప్రయోగాలు ఎంతో అందమైనవి. కెనడాలో గ్లెన్ షెల్లెన్‌బర్గ్ బృందం 1999లో మొజార్ట్‌కు పోటీగా ఒక కథను పెట్టింది. సంగీతం ఎక్కువ నచ్చినవారు సంగీతం తర్వాత, కథ ఎక్కువ నచ్చినవారు కథ తర్వాత మెరుగ్గా చేశారు. 2001లో వారే మొజార్ట్ హుషారైన సొనాటాను, అల్బినోని అనే స్వరకర్త పేరుతో ప్రసిద్ధమైన నెమ్మదైన విషాద సంగీతాన్ని పోల్చారు. మొజార్ట్ విన్నవారికే మేలు కనిపించింది. కానీ ఎవరికి ఎంత ఉత్సాహం కలిగిందో, మనసు ఎంత తేలికపడిందో కొలిచి లెక్కలోంచి తీసేస్తే ఆ మేలు మాయమైంది. పనిచేసింది మొజార్ట్ కాదు, కలిగిన ఉల్లాసం, ఉత్తేజం. సంగీతం ఒక దారి మాత్రమే, ఆ దారిలో మనిషి చేరుకున్న మనఃస్థితే అసలు సంగతి.

హుషారు పాట అందరికీ హుషారు పాటేనా?

కాబట్టి ప్రశ్న పాట నుంచి భావోద్వేగానికి మారుతుంది. పరిశోధకులు ఉద్వేగాన్ని రెండు కొలతలతో చూస్తారు: ఎంత ఇంపుగా ఉంది, ఎంత ఉత్తేజంగా ఉంది. ఆనందం ఇంపైనది, ఉత్తేజకరమైనది. ప్రశాంతత ఇంపైనదే కానీ ఉత్తేజం తక్కువ. కోపంలో ఉత్తేజం ఉంది, ఇంపు లేదు. దిగులులో రెండూ లేవు. సృజన మీద మనఃస్థితుల ప్రభావాన్ని కొలిచిన ఎన్నో అధ్యయనాలను నెదర్లాండ్స్ పరిశోధకులు 2008లో ఒకచోట చేర్చి లెక్కగట్టారు. ఆనందం లాంటి, ఇంపూ ఉత్తేజమూ కలిసిన స్థితులే సృజనకు అనుకూలమని తేలింది. వట్టి ప్రశాంతతకు ఆ గుణం కనిపించలేదు. 2017 ప్రయోగంలో హుషారు సంగీతం గెలిచి ప్రశాంత సంగీతం గెలవకపోవడానికి ఇది బాగా అతుకుతుంది.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. పాటలో వినిపించే భావం ఒకటి, వినేవారిలో కలిగేది మరొకటి. మన అలంకారికులు భావాన్నీ రసాన్నీ వేరు చేసి చూశారు కాబట్టి తెలుగు పాఠకులకు ఇది కొత్త కాదు. రంగం మీది శోకం ప్రేక్షకుడిలో శోకంగా కాక కరుణ రసంగా పండుతుంది, అందుకే ఏడుస్తూనే ఆస్వాదిస్తాం. లీలా తరుఫీ, స్టెఫాన్ కోల్ష్ 2014లో 772 మందిని అడిగిన సర్వేలో, విషాద సంగీతం వింటే ఎక్కువమందికి కలిగేది దుఃఖం కాదని, గడిచిన రోజుల తీపి తలపోత అని తేలింది. ప్రయోగశాలలో ‘విషాద సంగీతం’ అని చీటీ అంటించినంత మాత్రాన వినేవారు విషాదంలో ఉన్నారని చెప్పలేం.

సంగీతం ఉద్వేగాన్ని కలిగించే దారులూ ఎన్నో ఉన్నాయి. స్వీడన్ శాస్త్రవేత్తలు పాట్రిక్ యుస్లిన్, డానియెల్ వెస్ట్‌ఫ్యాల్ 2008లో వాటిని వరుసగా పేర్కొన్నారు. హఠాత్తుగా పెరిగిన శబ్దానికి ఉలిక్కిపడడం ఒకటి. గొంతులోని వణుకు మనకూ అంటుకోవడం ఒకటి. తర్వాతి స్వరం ఎక్కడ వాలుతుందో అని ఎదురుచూసే మనసుకు తీరే, తీరని ఆశ ఒకటి. అన్నిటికన్నా వ్యక్తిగతమైనది జ్ఞాపకం. ఒక పెళ్లిపాట పెళ్లికూతురి స్నేహితురాలికి నవ్వు తెప్పిస్తుంది. అదే పాట, ఆ ఏడాదే తల్లిని పోగొట్టుకున్న మనిషికి గొంతులో అడ్డం పడుతుంది. స్వరాలు అవే, వేగం అదే. ఏ యంత్రంతో కొలిచినా ఆ పాట ‘హుషారైనదే’.

శిశువూ పశువూ పామూ గానరసాన్ని ఎరుగుతాయన్న మాట మనకు నోట్లో నానుతున్నదే. దానికి కొంత బలమూ, కొంత హద్దూ పరిశోధనల్లో కనిపిస్తాయి. కామెరూన్ కొండల్లో ఉండే మాఫా ప్రజల్లో పాశ్చాత్య సంగీతం ఎన్నడూ వినని వారికి ఆ సంగీతం వినిపిస్తే ఆనందం, విషాదం, భయం గుర్తించగలిగారని 2009లో వచ్చిన పత్రం చెబుతుంది. బొలీవియా అడవుల్లోని చిమానే ప్రజలకు మాత్రం, పాశ్చాత్య శ్రోతలు కర్కశమని ముఖం చిట్లించే స్వరాల జోడింపు ఇంపైన జోడింపుతో సమానంగానే నచ్చిందని 2016లో తేలింది. గుర్తించడం ఎక్కువగా ఉమ్మడిది, నచ్చడం చాలావరకు పెరిగిన చోటిది. సంగీతం అంటే ఏ ఆనందమూ కలగని కొద్దిమంది కూడా ఉన్నారు. వారికి చెవుడు లేదు, దిగులు జబ్బు లేదు, డబ్బు గెలిస్తే అందరిలాగే సంతోషిస్తారు. పాట మాత్రం వారిని తాకదు. బార్సిలోనా పరిశోధకులు 2014లో దీన్ని నమోదు చేశారు. ‘సంగీతం వినండి, సృజన పెరుగుతుంది’ అనే మాట వీరి విషయంలో మొదటి అడుగులోనే ఆగిపోతుంది.

ప్రయోగశాల బయట

ఇంతవరకు చెప్పినవన్నీ గదిలో కూర్చోబెట్టి చేసినవే. రోజువారీ బతుకులో ఏం జరుగుతుందో తెలుసుకోవడానికి వేరే పద్ధతి ఉంది. రోజులో ఎప్పుడు మోగుతుందో తెలియని చిన్న పరికరం మనిషి చేతికి ఇస్తారు. మోగినప్పుడల్లా ‘ఇప్పుడేం చేస్తున్నారు, ఏం వింటున్నారు, మనసెలా ఉంది’ అనే ప్రశ్నలకు జవాబు రాయాలి. యుస్లిన్ బృందం 2008లో 32 మంది విద్యార్థులను రెండు వారాలు ఇలా గమనించింది. మోగిన సందర్భాల్లో 37 శాతంలో ఏదో ఒక సంగీతం వినిపిస్తూ ఉంది. వాటిలో 64 శాతంలో ఆ సంగీతం తమ మనసును మార్చిందని వారు చెప్పారు. అంటే సంగీతం ఉన్నా మూడింట ఒక వంతు సందర్భాల్లో అది ఏమీ చేయలేదు, అలా మోగుతూ పోయింది.

సృజనను కూడా ఇలాగే వెంబడించారు. ఇక్కడ సృజన అంటే గొప్ప కావ్యమో కొత్త మందో కాదు. బొమ్మ గీయడం, ఒక పాటకు కొత్త మాటలు అల్లడం, పాడైన సామానును తనకు తోచిన తీరులో బాగుచేయడం, ఇలాంటి చిన్న సృజన. పాల్ సిల్వియా, సహచరులు 2014లో 79 మంది విద్యార్థులను ఒక వారం గమనిస్తే, సుమారు ఐదో వంతు సందర్భాల్లో వారు ఏదో ఒక సృజనాత్మక పనిలో ఉన్నారు. ఆ సమయాల్లో ఎక్కువ సంతోషంగా, చురుగ్గా ఉన్నామని చెప్పారు.

కానీ ఒకే క్షణంలో రెండూ కనిపించినంత మాత్రాన ఏది దేనికి కారణమో తెలియదు. సంతోషంగా ఉండబట్టి బొమ్మ గీశారా? బొమ్మ గీయబట్టి సంతోషం కలిగిందా? టామ్లిన్ కానర్, న్యూజిలాండ్‌లో 658 మంది యువతీయువకుల చేత 13 రోజులు డైరీ రాయించి, ఒక రోజును మర్నాటితో పోల్చి చూశారు. మామూలుకన్నా ఎక్కువ సృజనాత్మక పని చేసిన రోజుకు మర్నాడు ఉత్సాహం, జీవితం బాగుందన్న భావన పెరిగాయి. ఎదురు దిశలో చూస్తే, ఈ రోజు ఉత్సాహంగా ఉన్నవారు రేపు ఎక్కువ సృజన చేస్తారన్నది నిలబడలేదు.

మొదట్లో చెప్పిన, విడిపోకుండా మిగిలే ముడి ఇదే. ప్రయోగశాలలో ఉల్లాసం ముందు, ఆలోచన తర్వాత. డైరీల్లో చేసిన పని ముందు, ఉల్లాసం తర్వాత. రెండూ నిజం కావచ్చు, ఎందుకంటే వాటి కాలమానాలు వేరు. పాట తెచ్చే ఉత్తేజం నిమిషాల్లో కరిగిపోతుంది, మొజార్ట్ ప్రయోగంలో పావుగంటైనా నిలవలేదు. డైరీలో కొలిచింది ఒక రాత్రి నిద్ర దాటి మిగిలినదాన్ని.

ఇంకో తేడా ఉంది. దీని మీద జరగాల్సినంత పని జరగలేదని నాకు బలంగా అనిపిస్తుంది. ప్రయోగశాలలో పాటను ఎంచేది పరిశోధకుడు, అది ఎవరి వంతుకు వస్తుందో నిర్ణయించేది చీటీ. ఇంట్లో పాటను ఎంచేది ఆ మనిషే. అలసిపోయినప్పుడు ఒకటి, పని సాగనప్పుడు ఒకటి, పని అయిపోయిన ఆనందంలో మరొకటి పెట్టుకుంటాడు. బొమ్మ గీస్తున్న మనిషి పక్కన పాట మోగుతోందని పరికరానికి తెలుస్తుంది. బొమ్మ కుదిరిందని లేచి ఆ పాట పెట్టాడో, పాట విన్నాక కుంచె పట్టుకున్నాడో దానికి తెలియదు.